కమోడోర్ 1541 వేగం: ప్రోగ్రాం 311 అంటోంది, స్ట్రోబ్ వలయం 300 అంటోంది

1. పాతడిస్కు

కమోడోర్ 64 కంప్యూటర్‌కి తగిలించే ఫ్లాపీ డిస్కు డ్రైవ్ 1541, బెల్టుతో తిరిగే రకం ఇది. కమోడోర్ 64 మీద ఆర్పీఎమ్ (నిమిషానికి ఎన్ని చుట్లు) చూపే ప్రోగ్రాం నడిపితే 311.4 వస్తోంది. డ్రైవ్ అడుగున పెద్ద పుల్లీకి అంటించిన స్ట్రోబ్ వలయాన్ని (వేగం సరిగ్గా ఉంటే మిణుకే వెలుగులో నిలబడినట్టు కనిపించే గీతల చక్రం) చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ కింద చూస్తే మాత్రం గీతలు దాదాపు కదలకుండా నిలబడుతున్నాయి. కరెంటు 50 హెర్ట్జ్. రెంటిలో ఏది నమ్మాలి?

ఇదే డ్రైవ్‌లో ఫార్మాట్ చేసిన డిస్కులు బాగా చదువుతోంది. వేరే డ్రైవ్‌లో రాసినవి పెడితే అప్పుడప్పుడు 23వ ఎర్రర్ (చదివిన డేటా చెక్‌సమ్ కలవలేదని). మోటారు బోర్డు మీద ప్రీసెట్ (వేగం సర్దే చిన్న తిప్పుడు రెసిస్టర్) కనిపిస్తోంది, తిప్పేయనా?

2. గీతలలెక్క

ప్రీసెట్ ముట్టుకోకండి. 311.4 అన్న అంకెను బట్టే సంగతి తెలిసిపోతోంది.

ఆ ప్రోగ్రాం కాలాన్ని డ్రైవ్‌లో కాకుండా కంప్యూటర్‌లోని సీఐఏ అనే చిప్ టైమర్‌తో కొలుస్తోంది. పాల్, ఎన్‌టీఎస్‌సీ అన్నవి రెండు టీవీ పద్ధతులు, ఒక్కోదానికి వేరే కమోడోర్ 64 ఉంటుంది. పాల్ కమోడోర్ 64 గడియారం 9,85,248 హెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీది 10,22,727 హెర్ట్జ్. 1541 తిరగాల్సిన వేగం 300 ఆర్పీఎమ్, అంటే చుట్టుకు 200 మిల్లీసెకన్లు. పాల్ మెషీన్‌లో ఆ 200 మిల్లీసెకన్లకు టైమర్ సుమారు 1,97,050 లెక్కపెడుతుంది. ప్రోగ్రాం దాన్ని ఎన్‌టీఎస్‌సీ గడియారంతో భాగిస్తే 192.7 మిల్లీసెకన్లు వస్తుంది, అంటే 311.4 ఆర్పీఎమ్. మీకు వచ్చింది అచ్చంగా అదే. తారుమారైతే, అంటే పాల్ కోసం రాసిన ప్రోగ్రాం ఎన్‌టీఎస్‌సీ మెషీన్ మీద నడిస్తే, సరైన డ్రైవ్ కూడా 289 చూపిస్తుంది. 311 లేదా 289 దగ్గర అంకె కనబడితే ముందు అనుమానించాల్సింది ప్రోగ్రాంనే.

డ్రైవ్‌లోని 6502 ప్రాసెసర్, టైమర్లున్న దాని రెండు వీఐఏ చిప్‌లు మాత్రం 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి వచ్చే 1 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. కంప్యూటర్ ఏ దేశానిదైనా ఇందులో తేడా ఉండదు. అందుకే కొలత డ్రైవ్ లోపలే జరిగే ప్రోగ్రాం వాడాలి. సొంతంగా రాసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: చుట్టుకు 2,00,000 సైకిళ్లు, టైమర్ 16 బిట్లే, 65,535 దాటి లెక్కపెట్టలేదు. వీఐఏ మొదటి టైమర్‌ని ఫ్రీ రన్‌లో (తనంతట తానే మళ్లీ మొదలయ్యేలా) పెట్టి, మొదలుపెట్టే అంకె ఉండే లాచ్‌లో 49,998 వేస్తే (దాని ఒక్కో తిరుగుడు ఎప్పుడూ లాచ్ కంటే 2 సైకిళ్లు ఎక్కువ) సరిగ్గా 50,000కి ఒకసారి తిరుగుతుంది. నాలుగు తిరుగుళ్లు ఒక చుట్టు.

1541 ఇండెక్స్ రంధ్రాన్ని చూడదు కాబట్టి చుట్టు పూర్తయిందని తెలియాలంటే 18వ ట్రాక్ 0వ సెక్టార్ హెడర్ (సెక్టార్ ముందుండే చిరునామా గుర్తు) మళ్లీ ఎప్పుడు వచ్చిందో చూడటమే దారి. ఆ ట్రాక్ మీద ఒక బైటు 28 మైక్రోసెకన్లు. హెడర్ పట్టుకోవడంలో ఒక బైటు అటూ ఇటూ అయినా తప్పు 0.014 శాతమే.

3. గ్యాప్‌బైట్

నిజంగానే 311 ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పుకుందాం. చాలామంది "చదువుతోంది కదా, వేగం సరిగ్గానే ఉంది" అనుకుంటారు. వేగం తప్పితే దెబ్బ తగిలేది ముఖ్యంగా రాతకు. చదివేటప్పుడు సర్క్యూట్ ప్రతి 1 బిట్ దగ్గరా మళ్లీ సర్దుకుంటుంది, అందుకని రెండు మూడు శాతం తేడాను మింగేస్తుంది.

1 నుంచి 17 వరకు ట్రాక్‌ల మీద బిట్ కాలం 3.25 మైక్రోసెకన్లు. 300 దగ్గర ట్రాక్‌కి 7,692 బైట్లు పడతాయి. సెక్టార్ ఒక్కటికి సింక్ (మొదలు తెలిపే 1 బిట్ల వరస) 5, హెడర్ 10, మధ్య గ్యాప్ (ఖాళీ) 9, మళ్లీ సింక్ 5, డేటా 325, మొత్తం 354. ఇరవై ఒక్క సెక్టార్లకు 7,434. మిగిలేది 258 బైట్లు, సెక్టార్‌కి సగటున 12. ఆచరణలో సెక్టార్ల మధ్య తోక గ్యాప్ 8, 9 దగ్గరే ఉంటుంది, మిగులు చివరి సెక్టార్ తర్వాత పడుతుంది.

డ్రైవ్ 310 మీద తిరిగితే ట్రాక్‌లో పట్టేది 7,444 మాత్రమే. 21 సెక్టార్లకూ కలిపి గ్యాప్ 10 బైట్లు! ఫార్మాట్ మొదటి ట్రాక్‌ల దగ్గరే చతికిలబడుతుంది. 18వ ట్రాక్ నుంచి సెక్టార్లు 19కి తగ్గుతాయి కాబట్టి అక్కడ ఊపిరాడుతుంది. డైరెక్టరీ ఉన్నది 18 మీదే, అందుకే వేగం ఎక్కువైన డ్రైవ్‌లో డైరెక్టరీ చక్కగా వచ్చి, ఫైళ్లు తన్నడం మామూలు.

300 మీద ఫార్మాట్ అయిన డిస్కు మీద వేగమైన డ్రైవ్ రాస్తే ఇంకో తంటా. రాసేది సింక్‌తో కలిపి 330 బైట్లు. 3 శాతం వేగం ఎక్కువైతే అవి దాదాపు 10 బైట్ల స్థలం అదనంగా ఆక్రమిస్తాయి, తోక గ్యాప్ దాటి తర్వాతి సెక్టార్ సింక్‌లోకి చొరబడతాయి. సింక్ గుర్తించడానికి వరసగా పది 1 బిట్లు చాలు కాబట్టి కొంత తిన్నా నడుస్తుంది. 4 శాతం దగ్గరికి వచ్చేసరికి తర్వాతి సెక్టార్ హెడరే కనబడదు: 20వ ఎర్రర్. రాసింది ఒక సెక్టార్, పోయింది దాని పక్కది. ఇది తెలియక డిస్కు పాడైందని పారేస్తారు.

నెమ్మదిగా తిరిగితే ఇంత నష్టం లేదు. కొత్త డేటా పొట్టిగా పడి, వెనక పాత డేటా తోక మిగులుతుంది, అంతే.

4. పాతడిస్కు

ప్రోగ్రాం మెనూలో పాల్ ఎంచుకునే చోటు ఉంది, చూడలేదు. మార్చాక సగటు 300.0. కానీ చుట్టు చుట్టుకీ చూపించే పేజీలో 20 చుట్లకు కనిష్ఠం 297.1, గరిష్ఠం 302.6 ఉంది. ఇది మామూలేనా?

5. బెల్టుపుల్లీ

మామూలు కాదు. సగటు బాగుండి ఊగిసలాట ఎక్కువ ఉంటే ప్రీసెట్ తిప్పి ప్రయోజనం లేదు, ఊగేది ఊగుతూనే ఉంటుంది. మంచి బెల్టు ఉన్న 1541లో 20 చుట్ల కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఒక ఆర్పీఎమ్ దాటితే నేను ఒప్పుకోను. మీది 5.5.

ఖర్చు లేనివి ముందు చూడండి.

డిస్కు మార్చండి. జాకెట్ బిగుసుకున్న డిస్కు తిరిగేటప్పుడు పట్టుకుని వదులుతుంది. రెండు మూడు డిస్కులతో అదే తేడా వస్తే డిస్కు నిర్దోషి. లివర్ మూశాక పైన బిగించే కోన్ డిస్కు నడిమి రంధ్రాన్ని సరిగ్గా పట్టుకుందా? సగం మూసి, తెరిచి, మళ్లీ మూసి కొలవండి. ప్రతిసారీ వేరే అంకెలు వస్తుంటే డిస్కు స్పిండిల్ (దాన్ని తిప్పే ఇరుసు) మీద జారుతోంది. స్పిండిల్ అంచునీ కోన్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

తర్వాత 12 వోల్ట్‌లు. మోటారు తిరుగుతుండగా మోటారు కనెక్టర్ దగ్గర కొలవాలి, రెగ్యులేటర్ దగ్గర కాదు. 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. డీసీ అంకె బాగున్నా మల్టీమీటర్‌ని ఏసీకి మార్చి చూడండి (కెపాసిటర్ ద్వారా ఇస్తే మంచిది, కొన్ని మీటర్లు ఏసీలో డీసీని కూడా కలిపి చూపిస్తాయి). కొన్ని పదుల మిల్లీవోల్ట్‌లు దాటి అల కనిపిస్తే వడపోత కెపాసిటర్ ఎండిపోయింది, లేదా బ్రిడ్జి రెక్టిఫయర్‌లో ఒక డయోడ్ పోయింది. డయోడ్ పోతే అల 100 బదులు 50 హెర్ట్జ్‌లో ఉంటుంది.

ఇవన్నీ బాగుంటే బెల్టు. తీసి వెలుగులో వంచి చూడండి: లోపలి ముఖం అద్దంలా మెరుస్తుంటే జారుతోంది, చాలాకాలం కదలకుండా ఉంటే మోటారు పుల్లీ దగ్గర వంపు అలాగే గట్టిపడి ఉంటుంది, ఆ వంపు పుల్లీ మీదికి వచ్చిన ప్రతిసారీ వేగం ఎగిరిపడుతుంది. రెండు పుల్లీలనూ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త బెల్టు వేయండి. వేళ్ల జిడ్డు తగలనివ్వొద్దు. అరగంట తిప్పాకే కొలవండి, కొత్త బెల్టు మొదట్లో కాస్త సాగుతుంది. బెల్టుకి సబ్బు, పౌడరు రాసే చిట్కాలు చూస్తుంటాం. అవి చివరికి హెడ్ మీదికి చేరతాయి.

బెల్టు మార్చినా ఊగితే మోటారు. బ్రష్‌ల కార్బన్ పొడి కమ్యూటేటర్ సందుల్లో నిండుతుంది.

6. గీతలలెక్క

పై దానికి ఒక్క మాట కలుపుతాను. చుట్టుకొక కొలత తీసుకుంటే చుట్టు లోపల జరిగే ఊగు కనబడదు. మోటారు పుల్లీ స్పిండిల్ ఒక చుట్టు తిరిగేలోపు చాలాసార్లు తిరుగుతుంది, అది వంకరగా ఉన్నా చుట్టు సగటులో కలిసిపోతుంది. దాన్ని పట్టాలంటే ఒకే ట్రాక్‌లో ప్రతి సెక్టార్ హెడర్ వచ్చిన సమయం రాసుకుని, అదే సెక్టార్ జంటను చుట్టు తర్వాత చుట్టు పోల్చాలి. పక్కపక్క సెక్టార్లను ఒకదానితో ఒకటి పోల్చొద్దు, ఫార్మాట్ చేసిన డ్రైవ్ ఊగు కూడా అందులోకి వచ్చేస్తుంది.

7. కొత్తబల్బు

చోక్ ట్యూబ్‌లైట్లు ఇప్పుడు ఎక్కడున్నాయి! ఎల్ఈడీ బల్బు కింద చూస్తే వలయం మొత్తం బూడిద రంగులో కలిసిపోతోంది. ఫోన్‌లో స్ట్రోబ్ యాప్ వాడొచ్చా?

8. గీతలలెక్క

ఫోన్ యాప్ వద్దు, ఫ్లాష్ ఎప్పుడు వెలగాలో అక్కడ నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. మంచి ఎల్ఈడీ బల్బులో డ్రైవర్ కరెంటును సాపు చేస్తుంది, మిణుకే ఉండదు. ఎలక్ట్రానిక్ చోక్ ట్యూబ్‌లు పదుల కిలోహెర్ట్జ్‌లో మిణుకుతాయి, అవీ పనికిరావు.

సొంత దీపం చేసుకోవడం తేలిక. 50 హెర్ట్జ్ వలయంలో 20 గీతలు, 60 హెర్ట్జ్ వలయంలో 24. సెకనుకి 5 చుట్లు కాబట్టి మొదటి దానికి సెకనుకి 100 మెరుపులు, రెండో దానికి 120. ఒక ఆర్డ్యునో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) చాలు. టైమర్ 1ని ఫాస్ట్ పీడబ్ల్యూఎమ్ 14వ మోడ్‌లో, ప్రీస్కేలర్ 8తో పెట్టండి. 16 మెగాహెర్ట్జ్ 8తో భాగిస్తే 2 మెగాహెర్ట్జ్; టైమర్ రిజిస్టర్ ఐసీఆర్1లో 19,999 వేస్తే సరిగ్గా 100 హెర్ట్జ్. ఓసీఆర్1ఏలో 999 వేస్తే ఎల్ఈడీ ప్రతిసారీ 0.5 మిల్లీసెకను మాత్రమే వెలుగుతుంది. 9వ పిన్ నుంచి 220 ఓమ్‌ల రెసిస్టర్, తెల్ల ఎల్ఈడీ. గది చీకటిగా ఉండాలి. వెలిగే సమయం పెంచితే వెలుతురు పెరుగుతుంది కానీ గీతల అంచులు అలుక్కుపోతాయి.

డిలే ఫంక్షన్‌తో ఎల్ఈడీని వెలిగించి ఆర్పే ప్రోగ్రాం రాయకండి, లూప్ తినే సమయం కలిసి ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. ఇంకో చిక్కు: ఊనోలో మైక్రోకంట్రోలర్‌కి గడియారంగా ఉండేది క్రిస్టల్ కాదు, సెరామిక్ రెసొనేటర్. దాని తేడా అర శాతం దాకా ఉండొచ్చు, అంటే 1.5 ఆర్పీఎమ్. క్రిస్టల్ ఉన్న బోర్డు దొరికితే అదే వాడండి.

గీతలు చదివే పద్ధతి: తిరిగే దిక్కుకే మెల్లగా జరుగుతుంటే వేగం ఎక్కువ, ఎదురు దిక్కుకైతే తక్కువ. 100 మెరుపుల దగ్గర సెకనుకి ఒక గీత జరిగితే తేడా 1 శాతం, అంటే 3 ఆర్పీఎమ్. పది సెకన్లకు ఒక గీత అంటే 0.3 ఆర్పీఎమ్, అక్కడ ఆగొచ్చు. ఇంటి కరెంటుతోనే చూస్తే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.9కి దిగినప్పుడు నిలబడి కనిపించే వేగం 299.4. ఆ మాత్రం పట్టించుకోనక్కర్లేదు.

వలయం తప్పు చూడటం మాత్రం పెద్ద ప్రమాదం. 50 హెర్ట్జ్ వెలుగులో 24 గీతల వలయం నిలబడేది 250 ఆర్పీఎమ్ దగ్గర. 60 హెర్ట్జ్ వెలుగులో 20 గీతల వలయం 360 దగ్గర. "ప్రీసెట్ చివరిదాకా తిప్పినా గీతలు ఆగట్లేదు" అనే ప్రశ్నల్లో సగం ఇదే.

9. బెల్టుపుల్లీ

వేగం నిజంగానే తప్పిందని తేలితే సర్దే క్రమం:

ముందు ఆ డ్రైవ్‌లో రాసిన ముఖ్యమైన డిస్కులన్నీ కాపీ తీసేసుకోండి. ఏ వేగంతో రాసిందో ఆ వేగం దగ్గరే అవి బాగా చదువుతాయి.

ప్లగ్ తీసి విప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ 1541 లోపలే ఉంటుంది. వెనక వైపు సాకెట్, ఫ్యూజ్, స్విచ్ టెర్మినళ్ల మీద మెయిన్స్ కరెంటు ఉంటుంది. వాటికి ఇన్సులేషన్ చుట్టాకే మళ్లీ ప్లగ్ పెట్టండి. అడుగున ఉన్న పుల్లీ కనబడాలి కాబట్టి మెకానిజాన్ని పక్కకి నిలబెట్టాలి. అలా తిరిగితే ఇబ్బందేమీ లేదు. కేబుళ్లు బెల్టుకు తగలకుండా చూసుకుంటే చాలు.

మోటారు ఆగకుండా తిరగాలి. డ్రైవ్ మెమరీలో 7168 చిరునామా దగ్గర రెండో బిట్ (విలువ 4) మోటారుది. మెమరీ రీడ్ ఆజ్ఞతో ఆ బైటు చదివి, దానికి 4 ఆర్ (OR) చేసి, మెమరీ రైట్‌తో తిరిగి రాయండి. ఊరికే 4 రాసేస్తే కింది రెండు బిట్లు మారిపోవచ్చు. అవి హెడ్‌ని జరిపే స్టెప్పర్ మోటారు ఫేజ్‌లు, హెడ్ పక్కకు జరిగి కూర్చోవచ్చు.

డిస్కు లోపల ఉండాలి, లివర్ మూసి ఉండాలి. ఖాళీగా తిప్పి 300కి పెడితే, డిస్కు జాకెట్, ఫెల్టు ప్యాడ్ రాపిడితో వేగం తర్వాత తేడా పడొచ్చు. డిస్కుకి రైట్ ప్రొటెక్ట్ చీటీ అంటించండి. పది నిమిషాలు వేడెక్కనివ్వండి.

ప్రీసెట్ ఇప్పుడున్న చోట మార్కర్‌తో గీత పెట్టుకోండి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ వాడండి. ఏ వైపు తిప్పితే పెరుగుతుందో బోర్డును బట్టి ఉంటుంది, అందుకని కొద్దిగా, గడియారం ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత తిప్పి, రెండు సెకన్లు ఆగి చూడండి. తాకగానే వేగం ఎగిరెగిరి పడుతుంటే ప్రీసెట్ లోపలి పట్టీ మురికి పట్టింది. కరెంటు తీసి కాంటాక్ట్ క్లీనర్ చల్లి అటూ ఇటూ పదిసార్లు తిప్పి, మళ్లీ గీత దగ్గరికి తెచ్చి మొదలుపెట్టండి.

గీతలు ఆగాక ప్రోగ్రాంతో సరిచూడండి. రెండూ 0.5 ఆర్పీఎమ్ లోపల కలవాలి. కలవకపోతే మళ్లీ 2వ పోస్టు చదవండి.

10. మెల్లగా

300కి బదులు 297 పెడితే మేలు కదా? గ్యాప్‌బైట్ లెక్క ప్రకారమే ట్రాక్‌కి 7,770 బైట్లు వస్తాయి, 78 బైట్లు అదనం. రాతకు అంత వెసులుబాటు.

11. గ్యాప్‌బైట్

లెక్క కరెక్టే. సొంత డిస్కులే వాడుకునేవాళ్లు అలా పెట్టుకున్నా కొంపలు మునగవు, 5¼ అంగుళాల డ్రైవ్‌లకు మామూలుగా ఇచ్చే ±1.5 శాతం హద్దు 295.5 దాకా ఉంది. కానీ ఒక వైపు హద్దుకు దగ్గరగా పెట్టుకుంటే, బెల్టు వదులై ఇంకాస్త తగ్గినప్పుడు ఆసరా ఉండదు. 303 మీద తిరిగే డ్రైవ్‌లో రాసిన డిస్కు దీంట్లో చదివితే తేడా 2 శాతం. నేనైతే 299.5కీ 300కీ మధ్య వదిలేస్తాను, 300 పైకి మాత్రం పోను.

12. పాతడిస్కు

బెల్టు మార్చాను. 20 చుట్లకు 299.4 నుంచి 300.1. ప్రీసెట్ తాకలేదు. వేరే డ్రైవ్ డిస్కుల మీద 23 తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, 30 దాటిన ట్రాక్‌ల మీదే వస్తోంది.

13. బెల్టుపుల్లీ

అది వేగం కాదు. వేగం తప్పితే ముందు దెబ్బతినేది గ్యాప్ ఇరుకైన 1 నుంచి 17 ట్రాక్‌లు. లోపలి ట్రాక్‌ల మీదే తప్పులంటే ముందు హెడ్ మురికి, తర్వాత అరిగిన ఫెల్టు ప్యాడ్; చుట్టుకొలత తగ్గే కొద్దీ బిట్లు దగ్గరవుతాయి, సిగ్నల్ బలహీనపడుతుంది. ఆల్కహాల్‌తో హెడ్ తుడిచి, ప్యాడ్ అంచు ముక్క ఊడిందేమో చూడండి. అన్ని ట్రాక్‌ల మీదా ఒకే తీరున పరాయి డిస్కులకు మాత్రమే తప్పులొస్తే అప్పుడు అలైన్‌మెంట్, అంటే హెడ్ ట్రాక్ మీద సరిగ్గా కూర్చోకపోవడం. 1541 ఫార్మాట్ మొదట్లో హెడ్‌ని ఆపు కడ్డీకి టకటకా కొడుతుంది, ఆ దెబ్బలకు స్టెప్పర్ పుల్లీ షాఫ్ట్ మీద జారుతుంది.

14. కొత్తబల్బు

ఇదే పద్ధతి 1541-2కి, అటారి 1050కి పనికొస్తుందా?

15. గీతలలెక్క

1541-2లో బెల్టు లేదు, మోటారే స్పిండిల్. ఇలాంటి డైరెక్ట్ డ్రైవ్ మోటార్లలో చాలావాటికి వేగం ప్రీసెట్ ఉండదు, సెరామిక్ రెసొనేటర్‌తో తాళం వేసి ఉంటుంది. వేగం తప్పితే రెసొనేటర్‌నీ, మోటారు బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లనీ, కారిన కెపాసిటర్ తినేసిన రాగి దారులనీ చూడాలి.

అటారి 810, 1050ల లక్ష్యం 300 కాదు, 288, అంటే చుట్టుకు 208.3 మిల్లీసెకన్లు. 300కి గీసిన 20 గీతల వలయాన్ని వాటికి అంటించి 100 మెరుపుల కింద చూస్తే, సరైన వేగం దగ్గర గీతలు సెకనుకి నాలుగు చొప్పున వెనక్కి నడవాలి. అవి నిలబడేదాకా తిప్పారంటే 4 శాతం తప్పు పెట్టినట్టే. దీపాన్నే 96 హెర్ట్జ్‌కి మార్చుకోండి: ఐసీఆర్1లో 20,832.